కోడ్ అడ్డుపడ్డ కొసరు

మా తోటికోడలు నూకాలు కార్పొరేటరుగా పోటీ చేస్తోంది. ఫిషింగ్ హార్బర్ వెనక మురికికాలవ పొంగి మా ఇళ్లల్లోకి వస్తుంటే ఎవరూ పట్టించుకోలేదని, ఏ పార్టీ జెండా పట్టకుండానే నామినేషన్ వేసింది. గెలుస్తుందనే అందరూ అంటున్నారు. నా భయమూ అదే. ఓడిపోయేవాళ్ల మీద ఎవడు ఫిర్యాదు చేస్తాడు?

ఎన్నికల కోడ్ వచ్చింది, పోటీచేసేవాళ్లు ఓటర్లకు ఏదీ ఉచితంగా ఇవ్వకూడదన్నారు. మేము చేపలమ్మేవాళ్లం. కిలో కవళ్ల చేపలు తూచాక గుప్పెడు నెత్తళ్లు, ఆ వేలెడంత చిన్న చేపలు, కొసరు వెయ్యకపోతే బేరం పూర్తయినట్టే ఉండదు మాకు.

"కొసరు కూడా లంచమేనటే సీతాలూ," అని నూకాలు నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

పోలింగ్ మూడు రోజులుందనగా, ఎన్నికల అధికారి గురునాథరావు గారు వీడియో కెమెరాతో మా బజారుకొచ్చి, సరిగ్గా మా తట్టల ఎదురుగా నిలబడ్డారు. పనీపాటా లేని మనిషిలా గంటసేపు కదలడే! నా బేరాలు గాలికొదిలేసి నూకాలు చేతినే చూస్తూ కూర్చున్నాను. తూచడం అయ్యేసరికి ఆ చెయ్యి నెత్తళ్ల వైపు పోతుంది, నేను దగ్గుతాను. అలా నాలుగుసార్లు దగ్గాను.

అంతలో ఆదిలక్ష్మమ్మ వచ్చింది. ఇరవై ఏళ్లుగా ఆ ముసలమ్మ నూకాలు దగ్గర తప్ప చేప కొనదు. నేనెవరికో చేప కోస్తూ తల దించాను. తల ఎత్తేసరికి నెత్తళ్లు ముసలమ్మ సంచిలో పడిపోయాయి, కెమెరా ఇటు తిరిగింది.

"అది ఉచితమేనా అమ్మా?" అన్నారు గురునాథరావు గారు.

నూకాలు ముఖం పాలిపోయింది. "అలవాటులో పడిపోనాది బాబూ, తీసేత్తన్నాను," అంటూ ముసలమ్మ సంచిలో చెయ్యి పెట్టి, నెత్తళ్లు ఒక్కొక్కటే ఏరి వెనక్కి తీసుకుంది. బజారంతా చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఈసారికి హెచ్చరికతో వదిలేస్తున్నానని ఆయన వెళ్లిపోయారు. ఆదిలక్ష్మమ్మ మాత్రం కదల్లేదు.

"ఏటనుకోకు పిన్నీ, రూలు," అంది నూకాలు.

"నానేటనుకుంతాను? ఓటు నీకే ఏత్తాను. ఆ కాలవ బాగుసెయ్యి." ముసలమ్మ సంచి మూతి ముడేసుకుంది. "సేపలు మాత్రం రేపట్నించి సీతాలు కాడ కొంతాను."

ఆ బేరం నాకు రావాలని ఎన్నేళ్లు కుళ్లుకున్నానో నాకే తెలుసు. ఇప్పుడు తీరా వస్తే, తట్టలో సర్దిన చేపల్నే మళ్లీ సర్దుతూ కూర్చున్నాను.

ముసలమ్మ వెళ్లాక నూకాలు నా వైపు చూడకుండానే అంది, "పిన్నికి నెత్తళ్లంటే ఇట్టం. కొసరు మరిసిపోకే."