తలంబ్రాల నవ్వు

హార్డ్‌డిస్కు చచ్చిపోయే ముందు టిక్కు టిక్కుమంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. పెళ్ళిళ్ళు నెత్తిమీదున్న వైశాఖంలో, కరెంటు వస్తూ పోతూ దోబూచులాడుతున్న ఒక మధ్యాహ్నం, మా డిస్కు కాసేపు టిక్కు టిక్కుమని ఊరుకుంది. మా ఆయన ప్రేమ్‌కుమార్ దాన్ని గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టాడు. తడిసిన ఫోనుకు చేసే వైద్యం అది.

"ఇది తడవలేదు మహానుభావా," అన్నాను.

"పెడితే పొయ్యేదేముంది?" అన్నాడు.

పెళ్ళిళ్ళలో కెమెరా పట్టేది ఆయన, వీడియో ఎడిటింగ్ చేసేది నేను. శబరి ఏటి ఒడ్డున, కొంటా బస్టాండు దగ్గర మా స్టూడియో. నేను బచేలి క్వార్టర్లలో పుట్టి పెరిగినదాన్ని. మా నాన్న గని ఉద్యోగానికని శ్రీకాకుళం నుంచి వచ్చి అక్కడే స్థిరపడ్డాడు. పెళ్ళై కొంటా వచ్చిన కొత్తలో నా "ఏంటి" విని ఇక్కడి ఆడవాళ్ళు నవ్వేవారు, వాళ్ళ "ఏంది" విని నేను నవ్వేదాన్ని. ఇప్పుడు రెండు వైపులా అలవాటైపోయింది.

పోయిన డిస్కులో పెళ్ళిళ్ళు లేవు. ఎవరివి వాళ్ళకు పెన్‌డ్రైవుల్లో ఇచ్చేశాం. పోయింది నా లైబ్రరీ. వంటింటికి పోపులడబ్బా ఎలాగో ఎడిటింగ్‌కు లైబ్రరీ అలాగ. అందరూ ఇంటర్నెట్‌లో దొరికే గులాబీ రేకులు రాలుస్తుంటే నేను కూర్చుని ఇప్పపూలు రాలేలా చేసుకున్నాను. పెళ్ళికూతురి పేరు, పెళ్ళికొడుకు పేరు శబరి నీళ్ళమీద తేలుతూ వచ్చి కలుసుకునే టైటిల్ చేసుకున్నాను. వీటన్నిటికంటే ముఖ్యమైనవి చప్పుళ్ళు. ఈ రోజుల్లో ఏ పెళ్ళిలోనైనా డీజే మోతకు కెమెరా మైకులో ఇంకేమీ పడదు. అప్పగింతల్లో ఎవరు ఏడ్చారో, తలంబ్రాలప్పుడు ఎవరు నవ్వారో వినపడదు. మోత తీసేస్తే బొమ్మ మూగదైపోతుంది. అందుకని పాత పెళ్ళిళ్ళ నుంచి మంచి నవ్వులు, మంచి ఏడుపులు, సన్నాయి ముక్కలు కోసి దాచుకున్నాను. ఏ పెళ్ళికి ఏది తక్కువైతే అది వేస్తాను. ఇది మోసం కాదా అని అడిగితే కాదనే అంటాను. చక్కెర నిండుకుంటే పక్కింట్లో అడిగి తెచ్చుకోమా?

ఆ నవ్వుల్లో ఒకటుండేది. ఒక ఆడపిల్లది. ముందు ముక్కుతో చిన్న గుర్రు, ఆపుకోవాలని చూసి ఆపుకోలేక ఒక్కసారిగా బయటపడి, పైకి పైకి పోతూ ఉండగా తెగిపోతుంది. విన్నవాళ్ళ పెదాలు వాటంతటవే సాగుతాయి. నా పెళ్ళికి ముందు మా ఆయన తీసిన ఏదో పాత పెళ్ళిలో దొరికింది. అది ఎవరిదని నేను అడగలేదు. కోసి పక్కన పెట్టుకున్నాను, అంతే. అప్పటినుంచి కొంటాలో ఎవరు తలంబ్రాలు పోసుకున్నా ఆ పిల్లే నవ్వింది. గొల్లపల్లి నుంచి కమ్లీ అనే ఆమె కొడుకు పెళ్ళి వీడియో ఇంకో కాపీ కోసం వచ్చినప్పుడు, "మా ఇంట్ల అట్ల నవ్వెటోళ్ళు ఎవరూ లేరమ్మా. పోయిన పెద్దోళ్ళల్ల ఎవరో వచ్చి నవ్విండ్రు అనుకున్నం. దాన్ని మాత్రం తియ్యకు," అంది. నేను లోపల నవ్వుకుని తల ఊపాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రాదు.

డిస్కును బియ్యంలోంచి తీసి జగదల్‌పూర్‌లో ఒక రికవరీ షాపుకు పంపించాం. షాపతను ఫోన్‌లో, "నామ్ నహీ ఆయేగా మేడం, మాల్ ఆయేగా," అన్నాడు. సరుకు వస్తుంది కానీ పేర్లు రావట. ఆ సరుకు కోసం ఎదురుచూస్తూనే ఒక షావుకారుగారి ఇంట్లో పెళ్ళి వీడియో ఉన్నదానితో సరిపెట్టి ఇచ్చేశాను. తలంబ్రాల దగ్గర పాట వేసి నెట్టుకొచ్చాను.

మర్నాడు అన్నపూర్ణమ్మ వచ్చింది. మా ఎదురు కిరాణా దుకాణం వాళ్ళదే. గల్లా దగ్గర కూర్చుని ఆమె కేకేస్తే శబరి అవతలి ఒడ్డున వినపడుతుందని మా ఆయన అంటాడు. వాళ్ళకు ఒక్కతే కూతురు, కన్యకాపరమేశ్వరి. మెదడుకు మలేరియా ఎక్కి, నేను ఈ ఊరు రాకముందే పోయిందని విన్నాను. ఇంత గొంతున్న మనిషి ఆ రోజు కుర్చీలో కూర్చుని చాలా చిన్నగా అడిగింది.

"ఈ పెండ్లిల నా బిడ్డ ఎందుకు లేదు అనుపమా?"

నాకు అర్థం కాలేదు. "ఏంటత్తయ్యా?" అన్నాను.

"అన్ని పెండ్లిండ్లల్ల నవ్వుద్ది గదా. తలంబ్రాల కాడ. మా మరిది మనమరాలి పెండ్లిల నవ్వింది. సర్పంచ్ కొడుకు పెండ్లిల నవ్వింది. నిన్న షావుకారింట్ల కూసోని ఈ పెండ్లి మొత్తం చూసిన. యాడా లేదు. ఎందుకు తీసేసినవ్?"

ఆ నవ్వు ఎవరిదో తెలిసి మౌసు మీది చెయ్యి తీసేశాను.

ఆమె మెల్లగా చెప్పుకుంటూ పోయింది. మొదటిసారి చుట్టాలింట్లో టీవీలో విన్నదట. తన భ్రమ అనుకుందట. తర్వాత ఇంకో ఇంట్లో, ఇంకో ఇంట్లో. అప్పట్నుంచి ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళైనా పెన్‌డ్రైవు అడిగి తెచ్చుకుని, భర్త కాశీవిశ్వనాథం దుకాణంలో ఉన్నప్పుడు ఒక్కతీ కూర్చుని వినేదట. ఆయనకు కూడా చెప్పలేదట.

"నీకు ఎరికే అనుకున్న. నా కోసమే పెడుతున్నవనుకున్న," అంది.

ఆ మాట దాటేసి డిస్కు పోయిన సంగతి చెప్పాను, జగదల్‌పూర్ పంపామన్నాను. ఆమె విన్నదో లేదో, నా చెయ్యి పట్టుకుంది.

"ఒక మాటడుగుత బిడ్డా. ఆ నవ్వు ఎప్పుడూ నడుమనే తెగుద్ది. దాని నవ్వు అంత పొట్టిది కాదు. మొదలుపెట్టిందంటే కండ్లల్ల నీళ్ళు వచ్చేదాంక ఆపేది కాదు. మిగిలింది నీ కాడ ఉండే ఉంటది. అది తీసియ్యి. నాకు ఇంకేం వద్దు."

ముందూ వెనకా చూడకుండా ఇస్తానన్నాను. నా నోటి దురుసు అందరికీ తెలుసు, నోటి జాలి మాత్రం నాకు కూడా ఆ రోజే తెలిసింది.

అన్నం తింటుండగా మా ఆయనకు చెప్పాను. ఆయన బొమ్మ చూస్తాడే కానీ చప్పుడు వినడు. చిన్నప్పుడు ఎదురింటి పిల్లగా ఎరిగిన కన్యక నవ్వు ఇన్ని పెళ్ళిళ్ళలో పోతున్నా గుర్తుపట్టలేదు. "సచ్చిపోయిన పిల్ల నవ్వు ఊరందరి పెండ్లిండ్లల్ల పెట్టినమా? బయటికి తెలిస్తే షాదీకి మనల్ని ఎవడు పిలుస్తడే?" అన్నాడు. మళ్ళీ అన్నం కలుపుతూ, "మస్తు నవ్వేది," అన్నాడు. ఆ తర్వాత అన్నం సగంలో లేచిపోయాడు.

కొత్త డిస్కులో సరుకు వచ్చింది. షాపతను చెప్పినట్టే ఒక్కదానికీ పేరు లేదు, అన్నీ అంకెలే. ఇప్పపూలు సగమే రాలాయి, మిగతా సగం నల్ల గళ్ళైపోయాయి. శబరి మీద పేర్లు రానే రాలేదు. పోయిన వాటిలో కొన్నే తిరిగొచ్చాయి కానీ, పనికిరావని నేను ఎప్పుడో చెరిపేసినవి మాత్రం కుప్పలు కుప్పలుగా తిరిగొచ్చాయి. చెరిపినవి పోవని నాకు అప్పటిదాకా తెలియదు. పైన కొత్తవి పడేదాకా అవి అలాగే అడుగున ఉంటాయట.

రోజూ హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక్కొక్కటే తెరిచాను. మొహాల్లేని నవ్వులు, మొహాల్లేని ఏడుపులు. ఎవరో ముసలాయన దగ్గు. ఎవరో "పిల్లను జాగర్తగ చూస్కోండ్రి" అనడం. వీళ్ళలో ఎంతమంది ఉన్నారో, ఎంతమంది పోయారో నాకేం తెలుసు? పట్టపగలు, బస్టాండులో హారన్లు మోగుతుండగా, నాకు భయం వేసేది. హెడ్‌ఫోన్ తీసేశాక కూడా ఆ గుర్రు వినపడేది. సుక్మా బస్సు దిగే జనంలో ఎవరైనా ఆడపిల్ల నవ్వితే తిరిగి చూసేదాన్ని. అన్నపూర్ణమ్మ మధ్యాహ్నం దుకాణం మూసి వచ్చి నా వెనక కుర్చీలో కూర్చునేది. ఏమీ అడిగేది కాదు. అడిగినా బాగుండేదనిపించేది.

ఆమె రాని ఒక పొద్దున అది దొరికింది. నేను కోసిన ముక్క కాదు, కోయకముందుది, మొత్తం. సన్నాయి, జనం గోల, తలంబ్రాల బియ్యం పళ్ళెంలో రాలిన చప్పుడు. ఆ తర్వాత గుర్రు. ఆ తర్వాత నవ్వు. పైకి పైకి పోయింది. నేను ఎప్పుడూ కోసే చోటు దాటింది.

"ఏందే ఆ ఇకిలింపు? నలుగురు చూస్తున్రు. నోరు ముయ్యి!"

నవ్వు ఠక్కున ఆగిపోయింది. మళ్ళీ రాలేదు. చివరిదాకా విన్నాను, ఉత్త సన్నాయి.

ఆ గొంతు ఎవరిదో చెప్పక్కర్లేదు. అవతలి ఒడ్డుకు వినపడే గొంతు. కొత్త కోడలిగా ఆ ముక్క కోసిన రోజున నాకు ఆమె ఎవరో తెలియదు. ఎవరో ముసలావిడ అడ్డంపడి నవ్వు పాడుచేసిందని విసుక్కుని, సరిగ్గా ఆమె నోరు తెరవబోయే ముందు కత్తెర వేశాను. తెగిందనుకుని ఆమె వెతుక్కుంటున్న మిగతా నవ్వు లేదు. అక్కడున్నది ఆమే.

"కోసి ఇచ్చెయ్, ఇంతే దొరికిందని చెప్పు," అన్నాడు మా ఆయన. ఆయన ఎప్పుడో కానీ సరైన మాట అనడు, అది సరైన మాటే. అలాగే చేశాను. మధ్యాహ్నం ఆమె వచ్చాక ఆ చిన్న ముక్క వేశాను. స్పీకర్లో కన్యక నవ్వి ఆగింది. అన్నపూర్ణమ్మ కళ్ళు మూసుకుని వింది.

"ఇదే. మిగిలింది?"

"ఇంతే దొరికింది అత్తయ్యా."

ఆమె నా మొహంలోకి చూసింది. ఎన్నో ఏళ్ళు గల్లా మీద కూర్చున్న మనిషి. ఎదుటివాళ్ళ మొహం చూసి ఏది ఉందో ఏది దాస్తున్నారో పట్టేస్తుంది.

"ఉన్నది," అంది. "నీ కాడ ఉన్నది. ఏం మాటున్నా సరే, నా బిడ్డది నాకు ఇయ్యవా అనుపమా?"

నేను ఆమెను ఆపగలిగేదాన్నేమో. ఏదో ఒకటి చెప్పి పంపించేయాల్సింది. కానీ ఆ "ఇయ్యవా" నన్ను కూర్చోనివ్వలేదు. మొత్తం వేశాను.

గుర్రు వచ్చింది. నవ్వు వచ్చింది. పాత చోటు దాటగానే ఆమె ముందుకు వంగింది, పెదాలు విచ్చుకున్నాయి. అప్పుడు ఆమె గొంతే ఆమెకు వినపడింది. నవ్వు ఆగింది.

ఆమె స్పీకరు వైపే చూస్తూ కుర్చీలో వెనక్కి జరిగింది.

"అది నేనేనా?" అంది. "నేను అట్ల అన్ననా? నాకు యాదికి లేదు బిడ్డా. దాన్ని ఎప్పుడు తిట్టిన్నో, ఎప్పుడు కొట్టిన్నో అన్నీ యాదికున్నయి. రోజూ తల్చుకుంట. ఇది లేదు."

ఆడపిల్లలున్న ఏ తల్లైనా పూటకోసారి అనే మాటే అది. ఎవరికి గుర్తుంటుంది?

"మళ్ళ పెట్టు."

పెట్టాను.

"మళ్ళ."

మళ్ళీ పెట్టాను. నాకు ఏడుపొస్తోంది, ఆమెకు రావడం లేదు. ఈసారి నవ్వు పైకి వెళ్ళి ఆ చోటుకు వస్తుండగా అన్నపూర్ణమ్మ గబుక్కున తన నోటికి తనే చెయ్యి అడ్డం పెట్టుకుంది. గట్టిగా, వేళ్ళు బుగ్గల్లోకి దిగేలా నొక్కిపట్టింది. స్పీకర్లో మాట మాత్రం ఆగలేదు.

ఆమె చెయ్యి తీసి కొంగుతో మూతి తుడుచుకుంది. లేచి గుమ్మం దాకా వెళ్ళి నిలబడింది.

"ఆ చిన్నదే పెండ్లిండ్లకు పెడ్తవు గదా?"

"మీరు వద్దంటే పెట్టనత్తయ్యా. ఒట్టు."

"పెట్టు," అంది. "నేను లేని కాడ నవ్వుకోనీ."

ఎదురుగా వెళ్ళి దుకాణం తెరిచింది. ఆ సాయంత్రం ఆమె కేక వినపడలేదు, తర్వాత కూడా పెద్దగా వినపడలేదు. ఎవరింటికీ పెన్‌డ్రైవు కోసం వెళ్ళడం లేదని మా ఆయన చెప్పాడు.

మొన్న షావుకారుగారి తమ్ముడి కూతురి పెళ్ళి. తలంబ్రాల దగ్గరికి వచ్చాను. పేర్లు పోయిన ఫైళ్ళలో నేను మొట్టమొదట పేరు పెట్టుకున్నది ఈ ముక్కకే. ఇదివరకు ఉత్త 'నవ్వు' అని ఉండేది, ఇప్పుడు 'కన్యక' అని ఉంది. తెచ్చి బియ్యం పోసే బొమ్మ కిందికి వేశాను. ఆ పిల్ల నవ్వింది, ఎప్పటిలాగే పైకి పైకి పోతూ తెగింది. చూసేవాళ్ళకు అక్కడ సన్నాయి వస్తుంది, అనుమానం రాకుండా అతికాను. నాకు మాత్రం ఆ కోసిన చోట సన్నాయి వినపడదు. ఎదురు దుకాణంలో ఎవరూ అరవకుండానే, "నోరు ముయ్యి" వినపడుతుంది.