లోపలి గడియ

మా ఆడపిల్లల హైస్కూలు గేటుకు గడియ లోపలే ఉంటుంది. అరవై ఏళ్ల కిందట బడి పెట్టిన పెద్దమ్మగారి నియమం ఒకటే: చదువు మాన్పించి తీసుకుపోవాలంటే ఆ పిల్లే వచ్చి గడియ తీయాలి. అప్పుడు కాపలా కాసే నేనూ దాన్ని తాకకూడదు.

ఆ రోజు తొమ్మిదో తరగతి పిల్ల తండ్రి వచ్చి గేటు దబదబా బాదాడు. పిల్ల వచ్చి గడియ మీద చెయ్యి వేసింది. హెడ్మిస్ట్రెస్ చేతులు కట్టుకుని చూస్తోంది. నాకు ఒళ్లు మండిపోయింది. పాడు నియమం, పసిదాని నెత్తిన పెట్టారు.

"చదివింది చాలు, తియ్యమ్మా. మీ అమ్మ కూడా తొమ్మిదిలోనే ఈ గడియ తీసి వచ్చేసింది. ఏం తక్కువైంది?" అన్నాడు తండ్రి గేటు బయటినుంచి.

పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఏం తక్కువైందో పొద్దున అమ్మే చెప్పింది నాన్నా. తియ్యొద్దంది."