నలభైకి చెయ్యి మారాలి

మహాదేవి సంచి సర్దుతోంది. నేను చూడకూడదని పొయ్యి ముట్టించకముందే మొదలుపెట్టింది. రెండు చీరలు, తువ్వాలు, దువ్వెన, ఇంటికని కొన్న బొరుగుల పొట్లం. అన్నీ ఎడమచేత్తో పెడుతోంది. చివరికి జిప్పు లాగబోయింది. కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆ జిప్పు కొస నిలవలేదు. రెండుసార్లు జారింది. మూడోసారి వంగి పళ్లతో పట్టి లాగింది.

నేను గడపలో నిలబడి అంతా చూశాను.

"యాడికి?" అన్నాను.

ఉలిక్కిపడింది. "ఊరికి పెద్దమ్మా. వారం ఉండి వస్తా."

"మీయమ్మ కూడా వారమే అనింది."

ఆ సంచి వాళ్లమ్మ ఉరుకుందమ్మదే. పచ్చరంగు గుడ్డ సంచి, ఒక పక్క పిడి తెగితే నేనే కుట్టాను. ఆ సంచిని ఉరుకుందమ్మ కోసం సర్దింది కూడా నేనే. అందుకే నాకు సంచి చూస్తే భయం. నాకు తెలిసినవాళ్లు ఎవరు సంచి సర్దినా, చెప్పిన రోజుకు వచ్చింది తక్కువ. పక్కింటివాళ్లు తిరుపతికి పోతున్నా సరే, వాళ్లు తిరిగొచ్చి తలుపు తీసిన చప్పుడు వినేదాకా నాకు అన్నం సయించదు.

కల్లూరులో మాది జొన్నరొట్టెల ఇల్లు. మొదట్లో నేనూ ఉరుకుందమ్మా ఇద్దరమే. నేలమీద రెండు బండలు వేసుకుని, ఒక మోకాలు మడిచి, ఒక మోకాలు నిలబెట్టి కూర్చుని కొట్టేవాళ్లం. తర్వాత కర్నూలు మెస్సులవాళ్లు అడగడం మొదలుపెట్టారు, ఆటోల్లో కట్టలు పోయేవి. మనుషులు పెరిగారు. ఉరుకుందమ్మ రోజుకు నాలుగు వందల రొట్టెలు కొట్టేది. ఆ చప్పుడు వీధి మలుపు దాకా వినిపించేది.

ఒక ఏడాది వేళ్లలో చీమలు పాకుతున్నాయని మొదలుపెట్టింది. నిద్రలో లేచి చెయ్యి విదిలించేది. మా వైపు మణికట్టు నొప్పికి నల్ల ఉన్నిదారం ఏడు ముళ్లేసి కడతారు. నేనే కట్టాను. "ఇంకా బిగించు ఓబులమ్మా, పట్టు సాల్లేదు" అనేది. రోజూ పొద్దున ఇంకాస్త బిగించేదాన్ని. పోనుపోను చేతిలో గ్లాసు నిలవలేదు. బొటనవేలి కింద ఉండే కండ కరిగి గుంటపడింది. పెనం కాలినా తెలియక వేలు బొబ్బలెక్కింది. అప్పుడు వారం ఉండి వస్తానని కోడుమూరు దగ్గర వాళ్ల ఊరికి పోయింది. రెండో ఏడు కామెర్లొచ్చి చనిపోయింది. ఆ కబురు తెచ్చిన కూతురే అదే పచ్చ సంచితో నా గుమ్మంలో నిలబడి, "మాయమ్మ బండ ఖాళీగా ఉండాదా పెద్దమ్మా?" అని అడిగింది.

మహాదేవి చెయ్యి వాళ్లమ్మకంటే వాడి. దాని రొట్టె పల్చగా, అంచు ఎక్కడా పగలకుండా, పెనం మీద వేసిన వెంటనే పొంగేది. ఆ పిల్ల చెయ్యి చూసి గర్వపడని రోజు లేదు. ఇప్పుడు ఆ చెయ్యి జిప్పు పట్టుకోలేకపోతోంది.

"ఏదీ, సూపించు" అన్నాను.

"ఏముండాది సూసేదానికి!"

గాజులు వెనక్కి తోశాను. నల్లదారం. ఏడు ముళ్లు. ఎవరు కట్టారో అడగలేదు. ఉల్లిగడ్డలు కోసే కత్తి తీసుకుని దారం తెగ్గోశాను.

"అయ్యో, దేవుని దారం పెద్దమ్మా!"

"నరం మింద బిగించమని ఏ దేవుడూ సెప్పలే. కూర్చో."

బొటనవేలి కింద నొక్కి చూశాను. కండ ఉంది. వాళ్లమ్మకు మాదిరి గుంటపడలేదు.

దేవుడి పటం వెనకనుంచి ఒక కాగితం తీశాను. రొట్టెలు చుట్టే పాత పేపర్ల మీదే నేను అక్షరాలు నేర్చుకున్నాను. చుట్టే ముందు చదవడం అలవాటు. ఉరుకుందమ్మ ఊరికి పోయిన మూడో నెలలో దొరికిన ముక్క అది. 'వేళ్లు మొద్దుబారుతున్నాయా?' అని పైన పెద్ద అక్షరాలు. మణికట్టులో నరం నలిగితే వచ్చే జబ్బట. కంప్యూటర్లమీద పనిచేసేవాళ్లు, కుట్టుపనివాళ్లు, రాళ్లకు మిషన్లు పట్టేవాళ్లు జాగ్రత్తగా ఉండాలని రాశారు. కింద 'రాకుండా ఉండాలంటే' అన్నచోట పేపరు చిరిగిపోయింది. అందులో రొట్టెలు కొట్టేవాళ్ల పేరు లేదు. మనది కాదేమోననుకుని దాచిపెట్టాను. ఐదేళ్లు పటం వెనకే ఉంచాను. నా తప్పు అది.

"ఊరికి తర్వాత పోదువు గాని. ముందు ఆస్పత్రికి" అన్నాను.

"ఆపరేషనంటారు. కోసినాక చెయ్యి ఇంతేనంటారు. మాయమ్మ మాదిరి చెయ్యి పోతే, కూర్చోబెట్టి అన్నం పెడతారా నాకు? పనికిరాని చేత్తో ఈడ ఉండలేను పెద్దమ్మా."

"పనికొచ్చేదీ రానిదీ డాక్టరు సెప్తాది. నువ్వు సెప్పగాకు."

సంచి లాక్కుని బియ్యం డబ్బా వెనక పెట్టాను.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చిన్న వయసుది. "ఏ వేళ్లు?" అంది. మహాదేవి బొటనవేలు మొదలుకుని మూడు వేళ్లు చూపించింది. "చిటికెన వేలు?"

"అది బాగుండాది మేడం."

"అదే గుర్తు." రెండు చేతుల వెనకవైపులు ఒకదానికొకటి ఆనించి, వేళ్లు నేలకు వేలాడేలా పట్టుకోమంది. నమస్కారం తిరగేసినట్టుంది. గడియారం చూసింది. నిమిషంలో పావు వంతు కాకముందే మహాదేవి ముఖం మారింది. "చీమలు" అంది.

డాక్టరమ్మ నా గాజు ఒకటి అడిగి తీసుకుంది. "మణికట్టు లోపల ఇంతకంటే ఇరుకు దారి ఉంటుందమ్మా. అందులో వేళ్లను కదిలించే తొమ్మిది తాళ్లు, ఒక నరం. తాళ్లు వాస్తే నరం నలుగుతుంది. ఈ గీత చూస్తే తెలుస్తోంది, మీరు పైనుంచి దారం బిగించి ఇంకా నలిపారు." నేను తలెత్తలేదు. "ఇది ముదరలేదు. ఆరు వారాలు రొట్టె ముట్టొద్దు. మణికట్టు వంగకుండా ఈ పట్టీ కట్టుకోవాలి, పడుకునేటప్పుడు కూడా. తగ్గకపోతే అప్పుడు ఆపరేషన్ సంగతి చూద్దాం. కానీ మళ్లీ ఇదే పని ఇలాగే చేస్తే మళ్లీ ఇక్కడికే వస్తారు. అసలెలా కొడతారు, చూపించండి."

నేను ఆస్పత్రి నేలమీదే మోకాలు మడిచి కూర్చున్నాను. బయట వరసలో ఉన్నవాళ్లు తొంగిచూశారు. ఒట్టి నేలమీద రొట్టె కొట్టాను. ఒక్కొక్కరం రోజుకు నాలుగు వందల దాకా కొడతామన్నాను. డాక్టరమ్మ నా పక్కన గొంతుక్కూర్చుని, నా ముంజేయి మీద పెన్ను పెట్టింది. "ఇదిగో, చేయి నిటారుగా ఉంటే పెన్ను ఆనుకుని ఉంటుంది. మీరు కొట్టినప్పుడల్లా మణికట్టు వెనక్కి విరిగి పెన్ను లేస్తోంది. భుజం బరువంతా దాని మీదే. బండ నడుము ఎత్తుకు తెచ్చుకోండి. ఒకే మనిషి ఒకే పని గంటల తరబడి చేయొద్దు. నాలుగు వందలేమిటమ్మా!"

ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో మహాదేవి, "ఆయమ్మకేం తెలుసు రొట్టెల సంగతి" అంది. కానీ కట్టిన పట్టీని ఎడమచేత్తో తడుముకుంటూనే ఉంది.

మరునాడు మేస్త్రీ రంగన్నను పిలిచాను. గోడవారగా గట్టు కట్టి పైన కడప బండ పరిచాడు. "వంటగట్టా ఓబులమ్మా?"

"రొట్టెగట్టు రంగన్నా. నా నడుముకు సమంగా ఉండాల."

మా దగ్గర పనిచేసే మహిమకు నవ్వాగలేదు. "నిలబడి రొట్టె కొట్టేది యాడన్నా సూసినారా? పెండ్లిలో బఫే మాదిరి ఉండాదే!" మిగిలిన ఇద్దరూ దానికి తోడు.

పనిని నాలుగు భాగాలు చేశాను. ఒకరు వేడినీళ్లు పోసి పిండి పిసకాలి, ఒకరు కొట్టాలి, ఒకరు పెనం చూడాలి, ఒకరు చుట్టాలి. నలభై రొట్టెలు కాగానే అందరూ ఒక్కో చోటు జరగాలి. మణికట్టుకు దారాలు వద్దు, బిగుతు గాజులు వద్దు. మొదటి వారం రొట్టెలు గుండ్రంగా రాలేదు. మెస్సాయన ఒకటి పట్టుకుని పైకెత్తి చూసి, "ఓబులమ్మా, ఇది ఏ జిల్లా?" అన్నాడు. నాకు కన్నీళ్లొచ్చాయి గాని గట్టు పగలగొట్టలేదు.

అన్నిటికంటే కష్టం మహాదేవిని చూడటం. మూలన పీట మీద కూర్చుని, పట్టీ కట్టిన చెయ్యి ఒడిలో పెట్టుకుని, వాళ్లమ్మ పాత బండ వైపే చూస్తుండేది. "చెయ్యి లేనిదానికి ఈడేం పని పెద్దమ్మా? సంచి ఇయ్యి, పోతా."

"నోరుండాది కదా. నలభై లెక్కపెట్టి కేకెయ్యి. కండ్లుండాయి కదా, ఎవరి మణికట్టు విరుగుతాందో సూడు."

మొదట్లో ఇష్టం లేకుండానే కేకేసింది. నాలుగు రోజులకు డాక్టరమ్మ మాదిరి ముంజేతుల మీద పెట్టి చూడటానికి పెన్ను కూడా అడిగి తీసుకుంది. "మహిమా, మోచెయ్యి దింపు. ఏళ్లతో తట్టు, భుజంతో గుద్దగాకు. అది రొట్టె, నీ మొగుడు కాదు." నవ్వులు మొదలయ్యాక పని సాగింది.

అప్పుడే, మా దగ్గర ఎప్పుడూ రొట్టెలు కొనే సుబ్బలక్ష్మమ్మ ఇంటి గృహప్రవేశానికి ఆరు వందల రొట్టెలు అడిగారు. పన్నెండుకల్లా పంపాలి. ఆ పొద్దున మహిమ గట్టు దగ్గర ఉంది. నలభై అయ్యాయి. మహాదేవి కేకేసింది. మహిమ కదల్లేదు.

"ఇంకో యాభై కొట్టనీ అక్కా. ఊపులో ఉండా."

"జరుగు."

"ఈ పొద్దు ఒక్కరోజు ఇడువు అక్కా!" అంటూ మహిమ కుడిచెయ్యి గట్టిగా విదిలించింది.

మహాదేవి పీట మీదనుంచి లేచింది. "యాల ఇదిలించినావు?"

"పిండి అంటింటే దులిపినా."

"నీ చేతికి పిండి లేదు. ఎన్ని దినాల నుంచి ఇదిలిస్తాండావు?"

మహిమ ముఖం చిన్నబోయింది. మహాదేవి దాని ముందున్న పిండిముద్ద ఎడమచేత్తో తీసి పక్కన పెట్టింది. "చేతులు తిరగేసి పట్టు."

"అక్కా, ఆరు వందలు పోవల్ల! తక్కువైతే ఆ యమ్మకు ఎవురు సెప్తారు?"

"నేను పోయి సెప్తా. పట్టు."

"దయ్యానికి మొక్కినట్టుండాది ఇది" అని గొణుగుతూ మహిమ చేతులు తిరగేసింది. మహాదేవి గట్టిగా అంకెలు లెక్కపెట్టింది. అందరం పని ఆపి నిలబడ్డాం. ముప్పై దాటింది. నలభై దాటాక మహిమ చేతులు దించేసి, నేలచూపులు చూస్తూ, "చీమలు" అంది.

మహాదేవి తన పట్టీ విప్పి మహిమ చేతికి కట్టింది. "రేపు ఆస్పత్రిలో నీకొకటి ఇప్పిస్తా. అప్పుడు నాది నాకియ్యి. నేను రెండు నెలలు దాపెట్టింది సాలు. మాయమ్మ దాపెట్టింది సాలు. నువ్వు దాపెట్టేది లేదు."

మహిమ చోటులో నేను నిలబడ్డాను. రొట్టెలు గంట ఆలస్యంగా చేరాయి. సుబ్బలక్ష్మమ్మ ఏమీ అనలేదని చెప్పను, అంది. కట్టలతో పాటు తిట్లు తినడానికి మహాదేవే ఆటోలో పోయింది. తిరిగొచ్చి, "శానా తిట్టింది పెద్దమ్మా. రొట్టె మాత్రం మడిచి మడిచి తినింది" అంది. ఆ నవ్వు చూసి నేను బియ్యం డబ్బా వెనకనుంచి సంచి తీసి, ఉతికి, దండెం మీద ఆరేశాను.

ఆరు వారాలకు డాక్టరమ్మ మహాదేవి చేతులు తిరగేయించి గడియారం చూసింది. నిమిషం నిండింది. మహాదేవి చేతులు దించకుండా, "ఇంకో నిమిషం పెట్టండి మేడం" అంది. ఇంటికొచ్చి గట్టు దగ్గర నిలబడింది. మొదటి రొట్టె కొంచెం వంకరగా వచ్చింది. పదో రొట్టె పొంగింది. నలభైకి ఎవరూ కేకెయ్యకముందే తనే జరిగింది. మహిమ చెయ్యి మూడు వారాల పట్టీతోనే నయమైంది.

ఇప్పుడు ప్రతి శుక్రవారం పని మొదలుపెట్టే ముందు ఏడుగురం వరసగా నిలబడి చేతులు తిరగేసి నిమిషం లెక్కపెడతాం. కొత్తగా వచ్చినవాళ్లు నవ్వుతారు. నవ్వనిస్తాం. చీమలు అన్నవాళ్లను ఆ పూటే రొట్టె నుంచి తప్పించి చుట్టే పనిలో పెడతాం. ఈ మూడేళ్లలో చెయ్యి పోయి ఇంటికి పోయినవాళ్లు మా ఇంట్లో ఒక్కరు లేరు. ఈ మాట మెస్సుల్లో, ఆటోల్లో ఎవరు అడిగినా, అడగకపోయినా చెబుతాను.

పోయిన నెల కడపలో హాస్టళ్లకు రొట్టెలు చేసే ఆడవాళ్లు కబురు చేశారు. గట్టు ఎంత ఎత్తు కట్టాలో, చెయ్యి ఎలా పెట్టాలో వచ్చి చూపించమన్నారు. మహాదేవికి సంచి నేనే సర్దాను. రెండు చీరలు, పట్టీ, పెన్ను, గట్టు ఎత్తు కొలిచిన తాడు. పైన ఆ పేపరు ముక్క. కంప్యూటర్లవాళ్లు, కుట్టుపనివాళ్లు, మిషన్లవాళ్లు అన్న వరస పక్కన పెన్సిలుతో 'రొట్టెలు కొట్టేవాళ్లు' అని రాశాను. జిప్పు తనే లాగింది, రెండు వేళ్లతో, ఒక్కసారికే.

"ఆదివారం వస్తా పెద్దమ్మా. బస్టాండు కాడ కాసుకొని కూర్చోగాకు."

ఆదివారం పొద్దున్నే పోయి కూర్చున్నాను. మధ్యాహ్నం రెండున్నరకు కడప బస్సు దిగింది. "సెప్తే ఇనవు కదా!" అని సంచి నా చేతిలో పెట్టింది.

మహాదేవి చెప్పిన రోజుకే వచ్చింది. రానిది ఉరుకుందమ్మ. 2017లో, శివరాత్రి మరుసటి రోజు, శనివారం పొద్దున ఏడు గంటల కోడుమూరు బస్సెక్కింది. తిరిగి రాలేదు.