మూడో సిలిండర్ చప్పుడు

నేను ఒక పెట్రోల్ ఇంజన్ని. ఇప్పుడు నాలో పెట్రోలు చుక్క లేదు, నూనె తడి కూడా లేదు. అయినా ఆ పేరే చెప్పుకుంటాను. రిటైరైన తహసీల్దారుని ఊరంతా ఇంకా తహసీల్దారుగారనే పిలుస్తుంది కదా, ఇదీ అలాంటి మర్యాదే.

నల్ల ఇసుక అచ్చులో కరిగిన ఇనుము పోస్తే పుట్టాను. చల్లారాక గీకారు, తొలిచారు, ఒకే వరసలో నాలుగు సిలిండర్లు తీర్చారు. వాటిలో నాలుగు పిస్టన్లు, నెత్తిన ఎనిమిది వాల్వులు, పక్కన ఒక కార్బరేటర్. పదిహేను వందల సీసీకి కొద్దిగా తక్కువ, యాభై గుర్రాల శక్తి అని నా గురించి కాగితం మీద రాశారు. ఆ గుర్రాలని ఎవరూ చూడలేదు, నేనూ చూడలేదు. నా పని మాత్రం తెలుసు. గాలీ పెట్రోలూ కలిపి పీల్చడం, నొక్కడం, మండించడం, పొగ వదలడం. ముందు ఒకటో సిలిండర్, తర్వాత మూడోది, ఆ తర్వాత నాలుగోది, చివరికి రెండోది. రెండోదాన్ని ఆఖరుకి ఎందుకు నెట్టారని అడగకండి. అలా అయితేనే నా ఒళ్ళు కుదురుగా ఉంటుంది.

ఇంజన్లకి నోరు లేదని మీరనుకుంటారు. మాకున్నదే నోరు. వాల్వుకీ దాన్ని నొక్కే చేతికీ మధ్య సందు పెరిగితే టిక్ టిక్‌మంటాను, దాన్ని టాపెట్ చప్పుడంటారు. నిప్పు ముందుగా అంటుకుంటే ఎత్తు ఎక్కేటప్పుడు గలగలమంటాను. ప్లగ్గు మసిబారితే ఒక పేలుడు మింగేసి కుంటుతాను. అడుగున బేరింగు అరిగితే మాత్రం సుత్తితో కొట్టినట్టు టక్ టక్‌మంటాను. ఆ చప్పుడు విన్నాక ఇక బండి నడపకూడదు. ఇన్ని రకాలుగా చెబుతున్నా వినకుండా, ఆగిపోయినప్పుడు బానెట్ ఎత్తి నన్ను తిట్టేవాళ్ళే లోకంలో ఎక్కువ.

నా మొదటి యజమాని వీరరాఘవయ్యగారు అలాంటివాడే. గుంటూరులో పొగాకు వ్యాపారం ఆయనది. ఆయన లెక్కలో సర్వీసింగంటే కారు కడగడం. దసరాకి బానెట్‌కి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించేవాడు. నూనె మార్చాలని డ్రైవరు గుర్తుచేస్తే, పోసిన నూనె లోపలే ఉంది కదా, ఎక్కడికి పోయిందని అడిగేవాడు. నిజమే, ఎక్కడికీ పోలేదు. తారులా చిక్కబడి నాలోనే కూర్చుంది. పూజలు అందుకుంటూ ఊపిరాడక బతకడం ఎలా ఉంటుందో అక్కడ తెలిసింది. కొత్త కారు మీద మోజు పుట్టి ఆయన నన్ను అమ్మేశాడు. పోతూ పోతూ నేను తుమ్మాను, పొగగొట్టంలోంచి.

కొన్నది దేవసహాయం. నరసరావుపేట టాక్సీ స్టాండులో బండి తిప్పే మనిషి. కొనడానికి వచ్చినప్పుడు అతను రంగు చూడలేదు, సీట్లు నొక్కి చూడలేదు. సంచిలోంచి కట్టె పిడి ఉన్న పొడవాటి స్క్రూడ్రైవర్ తీశాడు. దాని కొన నా ఒంటికి ఆనించి, పిడి తన చెవి వెనక ఎముకకి ఆనించుకుని, కళ్ళు మూసుకున్నాడు. మెకానిక్కులు చాలామంది చేసే పనే అది. లోపలి చప్పుడు ఆ ఇనుము వెంట నడిచి మనిషి ఎముకలోకి వెళుతుంది. కాని అంతసేపు, అంత ఓపిగ్గా నన్ను విన్నవాడు అతనే. ఎవరైనా మన మాట వినడానికి కళ్ళు మూసుకుంటే ఎంత సంతోషంగా ఉంటుందో ఆ రోజు తెలుసుకున్నాను.

అతని చేతిలో నా ఆరోగ్యం కుదుటపడింది. నూనె వేళకి మారేది. ప్లగ్గులు విప్పి, మసి గీకి, సందు సరిచేసి బిగించేవాడు. పల్నాడు ఎండలకి పంపులోనే పెట్రోలు ఆవిరైపోయి నేను నడిరోడ్డు మీద ఆగిపోతే, తిట్టేవాడు కాదు. తువ్వాలు తడిపి పంపు మీద వేసి, పక్కనే నీడలో కూర్చునేవాడు. జ్వరం వచ్చిన పిల్లకి నుదుటి మీద తడిగుడ్డ వేసినట్టుండేది. పంపు చల్లబడగానే నేను లేచేదాన్ని, ఇద్దరం వెళ్ళిపోయేవాళ్ళం.

కొన్నేళ్ళకి సిలిండర్లు అరిగాయి. నీలం పొగ వదలడం మొదలుపెట్టాను. అప్పుడు మెకానిక్ షెడ్డు నడిపే కోటిలింగం మేస్త్రి నన్ను పూర్తిగా విప్పి, అరిగిన సిలిండర్లు తొలిచి బోరు చేసి, కొత్త పిస్టన్లు, కొత్త రింగులు వేశాడు. నిజంగానే హాయిగా ఉంది. చప్పుడు తగ్గింది. దేవసహాయం మురిసిపోయి స్టాండులో అందరికీ చెప్పాడు. ఆ తర్వాత నెలనెలా ఇంకా తగ్గిందన్నాడు. ఏడాది తిరిగేసరికి అసలు నడుస్తోందో లేదో తెలియనంత మెత్తగా ఉందని గొప్పలు పోయాడు.

నేను నిర్ఘాంతపోయాను. ఎందుకంటే అప్పటికి నా మూడో సిలిండర్ టాపెట్ వదులై, వీధి చివరిదాకా వినపడేలా కొట్టుకుంటోంది. తోటి డ్రైవర్లకి వినపడకేం, వినపడింది. కాని అంత సంబరంగా చెబుతున్నవాడితో కాదనడం ఎందుకని ఊరుకున్నారు. కోటిలింగం మేస్త్రి కూడా కాదనలేదు. పొగడ్త తనకి వస్తున్నప్పుడు ఏ మేస్త్రి కాదంటాడు చెప్పండి. పైగా ఆ పేరు విని పక్క ఊళ్ళ నుంచి కూడా అతని షెడ్డుకి బళ్ళు వచ్చాయి. ఇంత మెత్తటి ఇంజన్‌కి స్క్రూడ్రైవర్ పెట్టి వినే పనేముందని దేవసహాయం దాన్ని సంచి అడుక్కి తోసేశాడు.

అసలు సంగతి మొదట తెలిసింది నాకే. ఒకరోజు స్టాండులో నేను నడుస్తూనే ఉన్నాను, అతను మళ్ళీ తాళం తిప్పాడు. తిరుగుతున్న పళ్ళచక్రం మీద స్టార్టర్ పళ్ళు పడి కర్రుమన్నాయి. నేను నడుస్తున్నట్టు అతనికి తెలియలేదు. అతనికి వినపడలేదు. చిన్నప్పటి నుంచి అతని చెవుల్లో చీము కారేదట, కాలవ ఈతలకి అది ముదిరిందట. ఇప్పుడు రెండు చెవులూ మూసుకుపోతున్నాయి.

అతనికి మాత్రం తెలియదా? సగం తెలుసు. తెలుసుకోవడం ఇష్టం లేదు. చెవులు వినపడని డ్రైవరని తెలిస్తే బండెక్కేవాళ్ళెవరు? లైసెన్సు మళ్ళీ ఎవరిస్తారు? అతనికి మరో పని రాదు. అందుకే హారన్ల కోసం అద్దంలో చూసేవాడు, బేరగాళ్ళ పెదాలు చూసేవాడు, ఏమడిగినా తలూపేవాడు. గేరు మార్చాల్సిన వేళ తెలియక నన్ను గొంతు చించుకునేదాకా రెండో గేరులోనే లాగించేవాడు. అలా లాగీ లాగీ అడుగున నా బేరింగులు అరిగాయి. నేను కొడుతూనే ఉన్నాను. నా మాట వినే ఒకే ఒక్క మనిషికి నా మాట అందడం లేదు. నాకు కోపం రాలేదు, దిగులు వేసింది.

ఒక వేసవి పొద్దున దేవసహాయం భార్య మార్తమ్మ ముందు సీట్లో ఎక్కింది. వినుకొండలో ఆమె అక్కగారి గృహప్రవేశం. మార్తమ్మ తక్కువ మాట్లాడే మనిషి. ఊరు దాటాక నేను టక్ టక్‌మనడం మొదలుపెట్టాను. ఇంజన్లో ఏదో కొడుతోందని ఆమె చెప్పింది. అతను తలూపి, అవును, ఈసారి మామిళ్ళు బాగా కాశాయన్నాడు. ఆమె అతని మొహంలోకి చూసింది. చెయ్యి చాచి తాళం తిప్పేసింది. నేను ఆగిపోయాను, బండి మెల్లగా వెళ్ళి రోడ్డు పక్కన నిలబడింది.

అతను ఉలిక్కిపడ్డాడు. ఆమె బానెట్ వైపు వేలు చూపించి, పిడికిలితో తలుపు మీద టక్ టక్‌మని కొట్టి చూపించింది. అతను నవ్వి, ఆమె భయం తీరుద్దామని మళ్ళీ స్టార్టు చేసి, దిగి, సంచి అడుగు నుంచి స్క్రూడ్రైవర్ తీశాడు. కొన నా ఒంటికి, పిడి చెవి వెనక ఎముకకి.

అప్పుడు నేను చెప్పాను. ఏడాదిగా అతనికి అందనిదంతా ఒక్కసారే చెప్పాను. మూడో సిలిండర్ టాపెట్, కింద బేరింగు, అన్నీ. మూసుకుపోయింది బయటి దారి మాత్రమే. ఎముక దారి తెరిచే ఉంది. అతని మొహంలో నవ్వు ఆరిపోయింది. వెనక్కి వెళ్ళి తాళం తీసేసి, వచ్చి నా పక్కన రోడ్డు మీదే కూలబడ్డాడు.

"ఇంజను మెత్తబళ్ళేదు మార్తా," అన్నాడు. "నా చెవులే పోయినై."

ఆమె కూడా కింద కూర్చుంది. ఏదో చెప్పబోయి, చెప్పినా వినపడదని గుర్తొచ్చి ఆగింది. తర్వాత ఆ స్క్రూడ్రైవర్ పిడి మళ్ళీ అతని చెవి వెనక పెట్టి, నూనె మరకల కొనని పైటచెంగుతో తుడిచి, తన గొంతుకి ఆనించుకుంది.

"నాకు ముందే తెలుసయ్యా," అంది, మెల్లగా. "గుళ్ళో ఆమేన్ అయినాక గూడా నువ్వొక్కడివే కళ్ళు మూసుకుని నిలబడతన్నావు. పది మందిలో నిన్ను చిన్నబుచ్చటం ఇష్టంలేక మోచేత్తో పొడస్తా ఉన్నా."

అతను విన్నాడు. పెళ్ళాం గొంతు విని ఎంతకాలమైందో, ఆ మనిషి ఏడ్చేశాడు. నేనెన్నో రోడ్లు తిరిగాను గాని అంత మంచి ఏడుపు చూడలేదు. ఇంతలో ఊరి వైపు వెళ్ళే లారీ ఒకటి ఆగింది. మొగుడి వైపు పిడి, పెళ్ళాం గొంతు మీద స్క్రూడ్రైవర్ కొన చూసి లారీ డ్రైవరు కిందికి దూకాడు. ఆడమనిషిని పొడుస్తావా అని మీదికి వచ్చాడు. మార్తమ్మ సర్దిచెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి ఆ లారీయే మమ్మల్ని తాడు కట్టి నరసరావుపేట తీసుకొచ్చింది.

కోటిలింగం మేస్త్రి నన్ను విప్పి పెదవి విరిచాడు. పిస్టన్లు తిప్పే క్రాంకుకి గాట్లు పడ్డాయి, అది ఇంక గ్రైండింగుకి కూడా పనికిరాదన్నాడు. మెత్తటి ఇంజన్ గురించి ఈసారి ఎవరూ ఏమీ అనలేదు. నన్ను కిందికి దింపి పాత సామాను పక్కన పెట్టారు. ఆ బండిలోకి మరో ఇంజన్ వచ్చింది. నాకు బాధగానే ఉంది, లేదనను. అయితే మార్తమ్మ ఆ వారమే అతన్ని గుంటూరులో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిందని మేస్త్రి ఎవరితోనో చెబుతుంటే విన్నాను. డాక్టరు మోగే ఇనప కడ్డీ ఒకటి చెవి వెనక పెడితే, ఇది నా స్క్రూడ్రైవరే గదండీ అన్నాడట దేవసహాయం. నరం బాగానే ఉందట, పొర చిరిగిందట, ఆపరేషన్ చేస్తారట. ఫలితం ఏమైందో నాకు తెలియలేదు. ఈలోపే ఐటీఐ వాళ్ళొచ్చి నన్ను తీసుకెళ్ళారు.

అక్కడ నన్ను కోశారు. పిల్లలకి లోపలి భాగాలు కనపడాలని సిలిండర్ల పక్క గోడలు తీసేసి, నీళ్ళ దారులకి నీలం, నూనె దారులకి పసుపు, పొగ దారులకి ఎరుపు రంగు వేశారు. ముందు ఒక చేతిపిడి బిగించారు. తిప్పితే పిస్టన్లు ఆడతాయి, వాల్వులు మూసుకుంటాయి, తెరుచుకుంటాయి. పొట్ట తెరిచి బల్ల మీద కూర్చోవడం మొదట సిగ్గనిపించింది. తర్వాత అలవాటైంది. గాలి బాగా ఆడుతుంది.

మొన్న ఒక మధ్యాహ్నం పాఠం అయ్యాక, పాఠం చెప్పే సునందగారు ఒక్కరే నా పిడి తిప్పుతూ దుమ్ము తుడుస్తున్నారు. గుమ్మం దగ్గర ఒక మనిషి ఆగాడు. జుట్టు నెరిసింది గాని ఆ సంచి అదే. పాత ఇంజన్ ఇక్కడుందని మేస్త్రి చెప్పాడు, ఒకసారి చూసిపోతానని అడిగాడు. సునందగారు తలూపి పిడి తిప్పుతూనే ఉన్నారు. దేవసహాయం లోపలికి అడుగు వేయబోయి గుమ్మంలోనే నిలబడిపోయాడు. తల కొద్దిగా పక్కకి వంచాడు. స్క్రూడ్రైవర్ ఇంకా సంచిలోనే ఉంది.

"మూడోదాని టాపెట్ కొడతందండీ," అన్నాడు.

ఆమెని అడిగి పానా తీసుకున్నాడు. సందు కొలిచే సన్నటి గేజి రేకు కూడా అడిగాడు. నా దగ్గరికొచ్చి, సంచిలోంచి ఆ స్క్రూడ్రైవర్ తీసి, నట్టు వదులు చేసి, మరని కొద్దికొద్దిగా తిప్పుతూ సందు సరిచేశాడు. ఇది ఇక ఎప్పటికీ నడవదు కదా, ఇప్పుడెందుకండీ ఈ శ్రమ అని సునందగారు అడిగారు. అతను నట్టు బిగించాడు.

"ఇది ఎప్పుడో అడిగిందండీ," అన్నాడు. "నాకే ఇప్పుడు ఇనపడింది."

ఆమె మళ్ళీ పిడి తిప్పారు. నా మూడో సిలిండర్ చప్పుడు చేయలేదు.