నోటికి బొట్టు

నేను ఒక నాజిల్‌ని. ఘాట్ రోడ్డు సొరంగంలో, పైకప్పుకి తలకిందులుగా వేలాడేదాన్ని. ఉక్కు ఒళ్ళు, సూదిమొనంత రంధ్రాలు. కింద మంట లేస్తే పంపు తోసిన నీటిని సన్నటి తుంపర చేసి చల్లడం నా పని. మంటార్పడానికి పన్నీరు చల్లుతారా అని నవ్వినవాళ్ళున్నారు. ఆ తుంపరే ఆవిరై మంటకి ఊపిరాడనివ్వదని వాళ్ళకెవరు చెప్పాలి? నాకా, నీళ్ళొస్తే తప్ప నోరు పెగలదు.

నన్ను ప్రాణంగా చూసుకున్నవాడు మెకానిక్ నూకరాజు. ప్రేమ ముదిరితే ఏమవుతుందో ఆయన దగ్గరే చూశాను. ఆయుధపూజనాడు పంపులకీ, సొరంగంలో పొగని బయటికి తోసే ఫ్యాన్లకీ బొట్లు పెట్టాక, వరసకి నడిమిదాన్ని కదా అని నన్ను ఎంచుకుని, నిచ్చెనెక్కి దట్టంగా గంధం పూసి కుంకుమ పెట్టాడు. సరిగ్గా నోటిమీద. కంట్రోల్ రూము ఆపరేటర్ చంద్రకళ కెమెరాలో చూసి, తుడిచెయ్యమని పిలిచి మరీ చెప్పింది.

"పూజ చేసినవి ఇయ్యాల ముట్టుకోకూడదమ్మా. రేపు పొద్దున్నే తుడిసేత్తాను," అన్నాడాయన.

దేవుడి మాట కదా, ఆమె గట్టిగా కాదనలేకపోయింది. నిప్పుకి పండగ సెలవు ఉండదని ఇద్దరికీ తోచలేదు.

మధ్యాహ్నం ఎండుమిరపకాయల లారీ ఒకటి నా కిందే ఆగింది. వెనక చక్రం దగ్గర మొదలైన మంట బస్తాలకంటుకుంది. డ్రైవర్ మస్తాన్ కిందికి దూకి, ఆ ఘాటుకి దగ్గుతూ నాలుగడుగులేసి కూలబడ్డాడు. చంద్రకళ నీళ్ళు వదిలింది. నా పక్కవన్నీ తుంపర చిమ్మాయి. గంధం గడ్డకట్టిన నా గొంతులో మాత్రం నీళ్ళు ఆగిపోయాయి. సిగ్గుతో చచ్చిపోయాను.

నూకరాజు కంట్రోల్ రూముకి పరిగెత్తాడట. ఇది తర్వాత వాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను.

"ఫ్యాన్లు ఫుల్లుగా పెట్టమ్మా. పొగకి మడిసి సచ్చిపోతాడు."

"ఫుల్లుగా పెడితే పక్కవాటి తుంపర కూడా అతని మీద పడకుండా కొట్టుకుపోతుంది నూకరాజు గారూ. మంట ఇంకా రేగుతుంది," అంటూ ఆమె ఫ్యాన్ల వేగం తగ్గించింది.

పక్కవాటి తుంపర మెల్లగా జరిగొచ్చి మస్తాన్‌ని కప్పింది. మంట కుంగింది. ఫైరువాళ్ళొచ్చి అతన్ని మోసుకెళ్ళారు. బతికాడు.

ఇప్పుడు నేను కంట్రోల్ రూములో, అద్దాల పెట్టెలో ఉన్నాను. కొత్తగా చేరినవాళ్ళని నూకరాజే నా దగ్గరికి తీసుకొస్తాడు. "నా సేతుల్తో నేను మూసిన నోరు ఇది," అంటాడు.

ఆయన మీద నాకు కోపం లేదు. మస్తాన్ బతికాడు, అది చాలనుకుంటాను. కానీ చాలదు. ఒక్క మంట కోసం పుట్టినదాన్ని నేను. అది వచ్చిననాడు ఆ మనిషి కింద పడి, నావైపే చూశాడు.