మంత్రి వెనక నిలబడ్డవాళ్లు

మమ్మల్ని పనిలోంచి తీసేసిన తొమ్మిదో రోజున మళ్లీ యార్డుకు రమ్మని కబురొచ్చింది. పనికి కాదు. మంత్రి వెనక నిలబడటానికి.

స్కాట్లండ్ తూర్పు తీరంలో కిల్‌డౌనీ మా ఊరు. సముద్రంలో నిలబెట్టే గాలిమరలకు మా యార్డులో ఉక్కు కాళ్ల చట్రాలు కట్టేవాళ్లం. నేను వెల్డరుని. పేరు ఫిన్లే. యాభై ఆర్డర్లు వస్తాయని కంపెనీ ఆశపెట్టింది. ఇచ్చింది ఐదు. రెండు పూర్తయి, మూడు సగంలో ఉండగా మూడువందల మందిని ఇంటికి పంపేసింది. మిగతావన్నీ చౌకగా చేసే చోటికి పోయాయి.

ఆ ఉదయం మేనేజరు ప్రింగిల్ గేటు దగ్గర నిలబడి అందరికీ కొత్త హెల్మెట్లు, కొత్త నారింజ కోట్లు పంచాడు. ఈరోజు వచ్చినవాళ్లకే రేపు పనులొస్తే మొదటి పిలుపు అన్నాడు. ఆ మాట కోసమే వెళ్లాం. చెప్పడానికి సిగ్గుగా ఉంది, నేనూ వెళ్లాను.

మంత్రి బాగా మాట్లాడాడు. సముద్రం మీద పుట్టే గాలి కరెంటును పదేళ్లలో నాలుగింతలు చేయడం ప్రభుత్వ లక్ష్యమన్నాడు. వెనక్కి తిరక్కుండానే మా వైపు చెయ్యి చాపి, ఈ చేతులే దాన్ని సాధిస్తాయన్నాడు. ప్రింగిల్ సైగ చేశాడు. చప్పట్లు కొట్టాం.

ముందు వరసలో ఊనా గెడెస్ ఉంది. పాతికేళ్లు పెద్ద క్రేను నడిపిన మనిషి. యూనియన్‌లో మా అందరి తరఫున మాట్లాడేది ఆమే. గొంతు పెంచకుండా అడిగింది.

"మంత్రిగారూ, మీ లక్ష్యం బాగుంది. మీ వెనక నిలబడ్డ మాలో ఒక్కరికీ ఉద్యోగం లేదు. ఆ సంగతి మీకెవరైనా చెప్పారా?"

మంత్రి నవ్వు చెదరలేదు. తప్పకుండా పరిశీలిస్తామన్నాడు. ఇద్దరు మనుషులొచ్చి ఊనాను చెరో మోచెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయారు. ఫోటోలో ఖాళీ కనపడకూడదని ప్రింగిల్ నన్ను ఆ చోటులోకి జరగమన్నాడు. జరిగాను.

మర్నాడు పేపర్లో ఆమె నిలబడ్డ చోట నా మొహం ఉంది. నా భార్య చూసి, పేపరు మడిచి బల్ల మీద పెట్టేసింది.

ఆ వారమే తెలిసింది. సగంలో ఉన్న ఆ మూడు చట్రాల్నీ ఎక్కించుకుపోవడానికి సోమవారం సరుకు మోసే బల్లపరుపు ఓడ, బార్జి, వస్తోంది. వాటినీ బయటి దేశంలోనే పూర్తి చేస్తారట. ఫుట్‌బాల్ క్లబ్బు హాల్లో మీటింగు పెట్టుకున్నాం. కూర్చోడానికి చోటు లేదు. పోతే పోనీ, కొత్త ఆర్డర్లు వస్తాయిగా అన్నవాళ్లున్నారు. పెయింటరు స్ట్రూవన్ లేచి, అసలు దొంగలు బార్జి మీద పనిచేసే ఫిలిప్పీన్స్ వాళ్లేనన్నాడు. చాలామంది తలలూపారు.

ఊనా అతన్ని పూర్తిగా మాట్లాడనిచ్చింది. తర్వాత చెప్పింది. పక్క రేవులో ఆగి ఉన్న ఆ బార్జి దగ్గరికి తను వెళ్లి వచ్చిందట. వాళ్ల మేస్త్రీ పేరు రోడెల్. తొమ్మిది నెలలుగా నేల మీద కాలు పెట్టలేదట. దిగడానికి వాళ్లకు అనుమతి కాగితాలు లేవు.

"నీకంటే చౌకగా మనిషి దొరికాడని నిన్ను తీసేశార్రా స్ట్రూవన్. అతనికంటే చౌకగా ఇంకొకడు దొరికితే అతన్నీ తీసేస్తారు. మన పని ఎవరికివ్వాలో రాసినవాడు ఆ బార్జి మీద లేడు."

స్ట్రూవన్ విసురుగా బయటికి వెళ్లిపోయాడు. అప్పుడు నేను లేచి పేపర్లో ఫోటో సంగతి ఎత్తబోయాను. ఊనా మధ్యలోనే ఆపింది. "తెలుసులే. కూర్చో. సోమవారం రా."

సోమవారం పొద్దున్నే నూట ఎనభై మందిమి గేటు తోసుకుని లోపలికి వెళ్లాం. చట్రాల మీదికి ఎక్కి కూర్చున్నాం. ఊనా క్రేను గదిలోకెక్కి లోపలినుంచి గడియ పెట్టుకుంది. ప్రింగిల్ కింద నిలబడి, నీ పెన్షను సంగతి ఆలోచించుకోమని బతిమాలాడు, బెదిరించాడు. చివరికి, క్రేను అక్కర్లేదు, చట్రాల్ని పట్టాల మీద లాక్కుని ఎక్కించండని బార్జికి కబురంపాడు.

బార్జి మీద ఎవరూ కదల్లేదు. రోడెల్, అతనితో పదిమంది, తాళ్లు డెక్కు మీద పడేసి వాటి పక్కనే కూర్చున్నారు. కెప్టెన్ అరుస్తున్నాడు. వాళ్లు మా వైపు చూస్తున్నారు. మేం వాళ్ల వైపు చూస్తున్నాం. అంత దూరానికి మాట అందదు.

మధ్యాహ్నం పోలీసులొచ్చారు. క్రేను గది అద్దం పగలగొట్టి ఊనాను దించారు. ఆమె చెంప తెగింది. నాతో కలిపి నలభై మందిని వ్యాన్లెక్కించారు. ఎక్కించేవాళ్లు లేక బార్జి వట్టిగానే వెనక్కి పోయింది. గెలిచామనుకున్నాం. రెండు రోజుల తర్వాత రోడెల్‌నీ మిగతా పదిమందినీ పోలీసు కాపలాతో వాళ్ల దేశానికి విమానమెక్కించారని తెలిసింది. అదే రోజు ఇంకో రేవులో మంత్రి ఆ లక్ష్యాన్నే ఇంకాస్త పెంచి ప్రకటించాడు.

మమ్మల్ని కోర్టులో నిలబెట్టారు. యార్డు ఛాయలకు పోబోమని ఒప్పుకుంటే బెయిలిస్తానన్నాడు జడ్జి. ముందు ఊనానే అడిగాడు. చెంప మీద కుట్లతో ఆమె మాట సరిగ్గా పలకలేకపోయింది.

"ఒప్పుకోను. ఆ యార్డు నా ఊళ్లో ఉంది."

జైలుకు పంపమన్నాడు. తర్వాత నన్నడిగాడు. ఇంట్లో మందులమీద బతుకుతున్న తల్లి ఉంది నాకు. అయినా ఒప్పుకోనన్నాను. నా పక్కనున్నవాడూ ఒప్పుకోనన్నాడు. నలభై మందిలో ముగ్గురు మాత్రం తల వంచుకుని సరేనన్నారు. వాళ్లని నేనేమీ అనను.

అప్పుడు జనం కూర్చునే బెంచీల్లోంచి ఒకడు లేచాడు. స్ట్రూవన్. సోమవారం వాడు యార్డుకే రాలేదు.

"అయ్యా, నా పేరు కూడా రాసుకోండి. రేపు నేను వెళ్తున్నాను ఆ యార్డుకి."

కూర్చోమని జడ్జి గద్దించాడు. వాడు కూర్చోలేదు. వాడి వెనక నా భార్య లేచింది. ఆమె పక్కన ఊనా చెల్లెలు, తర్వాత ఆ బెంచీ మొత్తం. పోలీసులు బయటికి నెడుతున్నా ఒక్కొక్కరే కోర్టు గుమాస్తా వైపు తిరిగి తమ పేరు, ఇంటి నంబరు నిదానంగా, తప్పు రాయకుండా ఉండేలా చెప్పి మరీ వెళ్లారు.