బదులు పెట్టిన చీర

దానం చేసేవాళ్ళను నేను పెద్దగా తప్పు పట్టను. ఇంట్లో పాతబడ్డది ఇస్తారు, పుణ్యం వచ్చిందనుకుంటారు, తమ దారిన తాము పోతారు. ఆ దానానికి మధ్యలో నిలబడి అటునుంచి అందుకుని ఇటు పంచిపెట్టేవాళ్ళున్నారే, వాళ్ళను తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళ మధ్య కూర్చుని పనిచేశాను కాబట్టి వాళ్ళ సంగతి నాకు బాగా తెలుసు.

పోలీస్ యాక్షన్ జరిగిన ఏడాది అది. రజాకార్లకు భయపడి ముందే ఊళ్ళు వదిలిన హిందువులు, యూనియన్ సైన్యం వచ్చాక జరిగినదానికి భయపడి ఊళ్ళు వదిలిన ముస్లిములు, అందరూ వచ్చి సికింద్రాబాద్ స్టేషన్‌లోనే దిగారు. రెజిమెంటల్ బజార్‌లో మా మిషన్ బడి పక్కన ఖాళీగా పడున్న గోదాములో వాళ్ళకోసం బట్టల డిపో తెరిచారు. మారేడ్‌పల్లి ఇళ్ళనుంచీ, కంటోన్మెంట్ బంగళాలనుంచీ మూటలు వచ్చేవి. వాటిని విప్పి, ఏరి, మడతలు పెట్టి, కట్టుబట్టలతో వచ్చినవాళ్ళకు ఇవ్వడం మా పని. అధ్యక్షురాలు కమలాబాయి, మారేడ్‌పల్లి తుకారాం వకీలు భార్య. ఆమెకు కుడిభుజం బాలమ్మ, బజార్‌లో బట్టల కొట్టు యజమానురాలు. బడి వదిలాక వెళ్ళి కూర్చునే టీచరమ్మను నేను. నా పేరు మార్త.

డిపో తెరిచిన కొత్తలోనే ఒక మూటలో జరీ అంచు నారాయణపేట చీర వచ్చింది. ఉతుకు కూడా పడని చీర. కమలాబాయి దాన్ని విప్పి, భుజం మీద వేసుకుని, అటు తిరిగి ఇటు తిరిగి చూసుకుంది.

"గీ చీరె ఆ క్యాంపులోళ్ళు ఏం జేస్కుంటరు? పొయ్యికాడ కట్టి కాలవెట్టుకుంటరు. నేను దీనికి బదులు రెండు నూలు చీరెలు వెడ్త. ఒకల చీరె ఇద్దరికి దొరుకుతది" అంది.

ఆ పూటనుంచి 'బదులు' అనేది మా డిపోలో ఆచారమైపోయింది. ఎవరు ఏది తీసుకున్నా దాని బదులు తమ ఇంటినుంచి ఇంకోటి తెచ్చి పెట్టాలి. పట్టుచీర పోయి నూలుచీర వచ్చింది. నూలుచీర పోయి చిరుగుచీర వచ్చింది. కాశ్మీరు శాలువ పోయి చిమ్మెటలు తిన్న కంబళి వచ్చింది. చూస్తుండగానే గోదాము నిండా మారేడ్‌పల్లి అమ్మగార్ల పాతగుడ్డలే మిగిలాయి. ఇక దుప్పట్ల మాట చెప్పనక్కరలేదు. ఒకదాన్ని విప్పి వాకిట్లో పట్టుకుంటే అందులోంచి బజారంతా కనపడేది. అయినా మూటలు తగ్గలేదు కదా అని అందరూ సంతోషంగా ఉన్నారు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. మా వాళ్ళు కళ్ళు తెరుచుకునే తాగారు.

నేనేమీ తీసుకోలేదు. అది నా గొప్పతనమని చెప్పుకోను, నా ఒడ్డూ పొడుగుకు సరిపోయే రవిక ఏ మూటలోనూ రాలేదు. కానీ నోరు మాత్రం మూసుకోలేదు. ఇది దొంగతనమని మొహం మీదే అన్నాను.

"దొంగతనమంటే ఉత్తగ తీస్కపోవుడు మార్తమ్మా. మేం బదులు వెడ్తున్నం గద" అంది కమలాబాయి. "జీతం లేదు, బత్తెం లేదు. పొద్దుగూకులు ఈ దుమ్ముల కూసుంటున్నం. గింత సుత తప్పేనా?"

"బాలమ్మా, మీ కొట్లకు ఒకామె పాత చీరె తెచ్చి, ఇది వెట్టుకోని కొత్తది ఇయ్యిరి అంటే ఇస్తవా?" అని అడిగాను.

బాలమ్మ నావైపు జాలిగా చూసింది. "అది వ్యాపారం. ఇది సేవ" అంది.

ఆ సేవకు నేను కూడా మడతలు పెడుతూ కూర్చున్నాను.

గోదాము వెనకున్న రెండు గదుల్లో ఆడవాళ్ళు కొందరు తలదాచుకుని ఉండేవారు. ఖమర్ బీ వాళ్ళలో ఒకతె. జహీరాబాద్ దిక్కునుంచి పారిపోయి వచ్చింది. ఆమె భర్త పీర్ మహమ్మద్ కరోడ్‌గిరి నాకాలో, అంటే సరుకుల మీద సుంకం వసూలుచేసే చోట, బంట్రోతు. బంట్రోతుకు సర్కారిచ్చేది ఖాకీ చొక్కా. ఆ చొక్కా చూసి సైన్యంవాళ్ళు రజాకారనుకుని పట్టుకుపోయి, కంటోన్మెంట్ అవతల సిపాయిలు ఒకప్పుడు ఉన్న పాత బారకాసులో పెట్టారు. పారిపోయి వచ్చే తొందరలో ఖమర్ బీ బుర్ఖా దారిలోనే పోయింది. పుట్టి బుద్ధెరిగాక పరాయి మగవాడి కంటపడని మనిషి. వచ్చిన దగ్గరనుంచీ ఆ గది గడప దాటలేదు.

అంతలో కబురు వచ్చింది. శుక్రవారం మిలిటరీ అధికారి ఒకాయన బారకాసుకు వచ్చి ఖైదీల విచారణ చేస్తాడట. ఇంటివాళ్ళెవరైనా వచ్చి, ఈ మనిషి మావాడే, రజాకారు కాదు అని పూచీ పడితే వదిలేస్తారట. ఎవరూ రానివాళ్ళను లారీ ఎక్కించి దూరపు జైలుకు పంపేస్తారట. పీర్ మహమ్మద్‌కు ఖమర్ బీ తప్ప ఈ ఊళ్ళో ఎవరూ లేరు.

సరిగ్గా ఆ వారమే మూటల్లో ఒక బుర్ఖా వచ్చింది. నల్లటి సాటిన్, పోగు చెదరలేదు. నజ్మున్నీసా అని ఒక ముసలామె, తన కోడలు అత్తరు చల్లి దాచుకున్నదని చెప్పి పంపింది. ఖమర్ బీ దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని మొహానికి ఆనించుకుంది.

"టీచరమ్మా, ఇది నాకియ్యిరి. జుమ్మా నాడు పోయి ఆయన్ని తోల్కొనొస్త. తెల్లారి మల్ల ఉతికి తెచ్చిస్త" అంది.

మళ్ళీ తెచ్చిస్తుందట. తీసుకున్నది తిరిగి ఇస్తానన్న మనిషిని ఆ డిపోలో అప్పుడే చూశాను. కానీ ఏ గుడ్డయినా గురువారం నాడు కమలాబాయి చేతిమీదుగానే ఇవ్వాలని మా నియమం. అధ్యక్షురాలి చేత్తో ఇవ్వకపోతే అది దానం కిందికి రాదు కాబోలు. అందుకని బుర్ఖాను పక్కన పెట్టి, ఇది ఖమర్ బీకి, ఎందుకోసమో కూడా కమలాబాయికి వివరంగా చెప్పాను. ఆమె తల ఊపింది.

గురువారం చూస్తే బుర్ఖా లేదు. అది ఉన్న చోట చిలకాకుపచ్చ నూలుచీర ఒకటి ఉంది. అంచు పీలికలైపోయింది.

"బుర్ఖా ఏది?" అన్నాను.

"దర్జీకిచ్చిన. మా వకీల్ సాబ్‌కు కోర్టు గౌను కుట్టిస్తున్న" అంది కమలాబాయి, అన్నం తిన్నానన్నంత తేలిగ్గా. "ఇన్నొద్దులు షేర్వానీతోని నడిచింది. ఇప్పుడు రాజ్యం మారె. మంచి గౌను లేకుంటె ఎవరు లెక్కవెడ్తరు? గంత మంచి సాటిన్ బజార్ల దొరుకుతలేదు."

"అది ఖమర్ బీకని చెప్పిన గద."

"బుర్ఖాలు ఎవరేస్కుంటున్నరమ్మా ఇప్పుడు? ఉన్నోళ్ళే తీసి దాస్కుంటున్నరు. నేను ఆమె మంచికే జేసిన. బదులు చీరె సుత వెట్టిన."

బయట బజార్‌లో అప్పుడే ఇద్దరు బుర్ఖాల వాళ్ళు ఉల్లిగడ్డలు బేరం చేస్తున్నారు. కమలాబాయి మారేడ్‌పల్లిలో తన ఇంటి హాల్లో కూర్చుని లోకంలో బుర్ఖాలు లేకుండా చేసేసింది. దర్జీ దగ్గరకు పరుగెత్తాను. బుర్ఖా అప్పటికే ముక్కలై, కుట్టు కూడా సగమైంది. తిరిగి వచ్చి, మా ఇంట్లో మందపాటి దుప్పటి ఉంది, అది కప్పి నేనే తీసుకుపోతానని చెప్పాను.

కమలాబాయి ఒప్పుకోలేదు. "దుప్పటి కప్పుకోనొస్తే బిచ్చపుదని గేటుకాడనే ఎళ్ళగొడతరు. మా వకీల్ సాబ్ ఫీజు లేకుంట ఆమె తరఫున మాట్లాడ్తనంటున్నడు. ఆయనెంట వచ్చేది జెర ఇజ్జత్‌గ రావద్దా? చక్కగ చీరె కట్టుకోని, బొట్టు వెట్టుకోని రమ్మను. తొవ్వల ఎవరి మనసు ఎట్లుంటదో. బొట్టుంటే ఎవరు ఏమనరు."

అంటే వకీలు కావాలంటే దుప్పటి వదలాలి. వాళ్ళ దానాల తీరే అంత. ఒక చేత్తో ఇచ్చేటప్పుడు రెండో చెయ్యి ఎదుటివాళ్ళ మెడ మీద ఉంటుంది. నేను ఇంకా వాదించేదాన్నే, కానీ ఖమర్ బీ నా చెయ్యి పట్టుకుంది.

"కొట్లాడకుర్రి టీచరమ్మా. నేను మాట్లాడ్తే మిలిట్రోళ్ళు వింటరో లేదో. వకీలు చెప్తే వింటరు. ఆయన బయటికొస్తే చాలు. నా పర్దా అల్లా చూస్కుంటడు."

శుక్రవారం పొద్దున ఆ చిలకాకుపచ్చ చీర కట్టుకుంది. కమలాబాయి స్వయంగా వచ్చి, గడ్డం పట్టుకుని, నుదుట ఇంత కుంకుమ పెట్టింది. బాలమ్మ దూరంనుంచి చూసి, అచ్చం మన మనిషే అంది. అది మెచ్చుకోలట. ఖమర్ బీ కొంగు తలమీదినుంచి కళ్ళదాకా లాక్కుంది. గడప దగ్గర ఆగి, కళ్ళు మూసుకుని దాటింది.

నేనూ, ఆమే జట్కాలో వెళ్ళాం. తుకారాం వకీలు తన మోటారులో వచ్చాడు. కొత్త గౌను ఎండకు నిగనిగలాడుతోంది. దగ్గరికి వస్తే అత్తరు వాసన కూడా వేసింది. ఖమర్ బీ ఆ గౌను వైపు ఒకసారి చూసి తల దించుకుంది. నాకు మాత్రం ఆ గౌనును పట్టుకుని లాగేయాలనిపించింది.

బారకాసు ముందు బల్ల వేసుకుని అధికారి కూర్చున్నాడు. చుట్టూ తుపాకులతో సిపాయిలు. ఆయన ఎక్కడివాడో, హిందుస్తానీలో మాట్లాడుతున్నాడు. పీర్ మహమ్మద్‌ను పిలిచారు. ఖాకీ చొక్కా ఇంకా ఒంటిమీదే ఉంది, మాసి మట్టి రంగుకు తిరిగింది. వకీలు గొంతు సవరించుకుని, ఈ మనిషి సుంకం నాకాలో బంట్రోతు, అమాయకుడు, భార్య వచ్చి పూచీ పడుతోంది అని చెప్పాడు. బాగానే చెప్పాడు, కాదనను.

అధికారి ఖమర్ బీని ముందుకు రమ్మన్నాడు. కొంగు తీయమన్నాడు. ఆమె తీసింది. అధికారి కుంకుమ వంక చూశాడు, చేతిలో ఉన్న పేరు వంక చూశాడు, మళ్ళీ కుంకుమ వంక చూశాడు. పీర్ మహమ్మద్ వైపు తిరిగి, ఈమె నీ భార్యేనా అని అడిగాడు.

పీర్ మహమ్మద్ తలెత్తాడు. ఆమెను చూడగానే ఆ మొహంలోకి ప్రాణం రావడం నేను కళ్ళారా చూశాను. పెదవులు కదిలాయి కూడా. అంతలో బొట్టు కనపడింది. అతని చూపు బొట్టు మీదినుంచి చీర మీదికి, చీర మీదినుంచి చుట్టూ ఉన్న తుపాకుల మీదికి వెళ్ళింది. నా భార్య బొట్టు పెట్టుకుని, హిందువుల మనిషినని చెప్పుకుని, ఎక్కడో ప్రాణం కాపాడుకుంటోంది. ఇంతమంది ముందు నేను అవునంటే ఆమె గుట్టు బయటపడుతుంది. అతను అనుకున్నది ఇదే. ఆ రోజుల్లో అలా బతికిన ఆడవాళ్ళు ఎంతోమంది ఉన్నారు, అలా అనుకున్నందుకు అతన్ని ఎలా తప్పు పట్టగలం?

తల దించేశాడు.

"నై సాబ్. ఇనో కౌన్ కీ, మై నై జాన్తా."

ఈమె ఎవరో నాకు తెలియదన్నాడు.

"అజీ" అంది ఖమర్ బీ. "అజీ, నేనే." అతను తల ఎత్తలేదు. ఆమె మళ్ళీ పిలిచింది. అతను కాళ్ళ దగ్గరి మట్టి వంక చూస్తూ, తెలియదు సాబ్ అని మళ్ళీ అన్నాడు.

నేను ఊరుకోలేదు. వచ్చీరాని హిందుస్తానీలో, ఈమె ఇతని భార్యే, ఈమె బుర్ఖాను కోసి కుట్టిన గౌనే ఈ వకీలు తొడుక్కున్నాడు, అందుకే ఇలా రావలసి వచ్చింది అని అరిచాను. అధికారి నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. నిజమేనా అని వకీలును అడిగాడు. తుకారాం వకీలు గౌను అంచులు రెండు చేతులా దగ్గరికి లాక్కుని ఒకడుగు వెనక్కి వేశాడు. దొంగ భార్యను తెచ్చాడన్న మాట వస్తుందని ఆయన భయం.

"ఈమెను నేను సుత ఇయ్యాల్నే చూస్తున్న సాబ్. మా ఇంట్లో చెప్తే వచ్చిన, అంతే" అన్నాడు.

మొగుడే తెలియదన్నాక ఎవరు మాత్రం ఏం చేస్తారు? పీర్ మహమ్మద్‌ను ఎవరూ లేనివాళ్ళ వరసలో కూర్చోబెట్టారు. మధ్యాహ్నానికి లారీ వచ్చింది. ఎక్కుతున్నప్పుడు కూడా అతను మావైపు చూడలేదు. చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుందనే చూడలేదు.

తిరిగి వస్తుంటే జట్కాలో ఖమర్ బీ ఏడవలేదు.

"నేను బతికున్ననని చూసిండు. ఇంక నన్ను బతికిస్తున్న అనుకుంట పోయిండు" అంది.

డిపో దగ్గర కమలాబాయి మాకోసం ఎదురుచూస్తోంది. జరిగినదంతా చెప్పాను. కొంచెమైనా మొహం మాడుతుందేమోనని చూశాను. ఆమె బుగ్గన వేలు పెట్టుకుని, ఆశ్చర్యపోయి, ఆ తర్వాత నిజంగానే సంతోషపడింది.

"జూసినవా మార్తమ్మా, బొట్టు వెడ్తే సొంత మొగడే గుర్తువట్టలే. ఇంక తొవ్వల ఎవడు గుర్తువడ్తడు? ఇప్పటిసంది బేఫికర్‌గ తిరుగొచ్చు."

నేను ఖమర్ బీ వైపు తిరిగాను. పాతబట్టల కుప్ప పక్కన కూర్చుని, చీర కొంగుతో నుదురు తుడుచుకుంటోంది. కుంకుమ ఎప్పుడో పోయింది. చర్మం ఎర్రగా కందిపోయింది. ఆమె ఇంకా తుడుస్తూనే ఉంది.